విషం గడి

14 ఆగస్టు 2005, ఆదివారం

ఈ నోటుబుక్కు తెలుగు మేడం ఇచ్చింది, వ్యాసరచన పోటీలో మొదటి బహుమతిగా. రోజూ పది వాక్యాలైనా రాయమంది. ఎవరికీ చూపించనక్కర్లేని రాత కాబట్టి ముందు ఆట సంగతి రాస్తాను.

ఆటకు మూలం ఒక జిరాక్సు పుస్తకం. శ్రీకృష్ణ వాళ్ల బాబాయి కొడుకు ఇంజనీరింగ్ హాస్టల్ నుంచి తెచ్చాడు. అంతా ఇంగ్లీషు. రాక్షసులు, కోటలు, కత్తులు, మంత్రాలు. కాగితం మీద ఒక వీరుణ్ణి రాసుకుని, కథ చెప్పుకుంటూ ఆడాలి. గెలిచినకొద్దీ వీరుడు లెవెల్ పెరుగుతాడు. నేను దాన్ని ‘మెట్టు’ అన్నాను. పదో మెట్టు దగ్గర జిరాక్సు ఆగిపోయింది. ఆ తర్వాత వీరులు ఏమవుతారో, కథ ఎలా ముగియాలో చెప్పే పేజీలు లేవు. అది నేనే రాయాలి. నేను సూత్రధారిని.

ఆడేది ఇద్దరు. మా అన్నయ్య మాలిక్, వాడి నేస్తం శ్రీకృష్ణ. అన్నయ్య వీరుడి పేరు బుడాన్. అది మా తాతయ్య పేరు. ఆయుధం దూది ఏకే విల్లు. శ్రీకృష్ణది మాంత్రికుడు, పేరు మిరపస్వామి. ఎంత చెప్పినా మార్చలేదు.

పుస్తకంలో ఇరవై ముఖాల పాచిక అని ఉంది. సత్తెనపల్లిలో అలాంటిది ఎవరూ చూడలేదు. ఇరవై చింతపిక్కలు ఒకవైపు అరగదీసి, అంకెలు గీకి, నాన్న కుట్టిన చిన్న దిండు గలీబులో వేశాం. పెద్ద అంకె వస్తే వీరుడు బతుకుతాడు, మరీ చిన్నదైతే చస్తాడు. తీసేది ఆటగాడు. చూసి అంకె చెప్పేది సూత్రధారి. ఈ పద్ధతి నేనే పెట్టాను.

విషం గడి కూడా నేను పెట్టిందే. శ్రీకృష్ణ వాళ్ల నాన్న చెంచయ్య గారు పత్తి చేలో పురుగుమందు కొడుతూ ఒకసారి అన్నారు: “మందు కొట్టేవాడికి మందు పట్టదమ్మా. ఒళ్లు అలవాటు పడుద్ది.” ఆ మాట నాకు భలే నచ్చింది. వీరుడు విషం నుంచి బతికి బయటపడిన ప్రతిసారీ ఆ గడిలో ఒక అంకె పెరుగుతుంది. తర్వాతి విషం అంత తక్కువ పనిచేస్తుంది.

ఇవాళ బుడాన్‌ను గుహలో నల్లజెర్రి కుట్టింది. అన్నయ్య తీసిన పిక్క మీద 3 ఉంది. పదిహేడు అన్నాను. గడి ఐదు అయింది.

21 ఆగస్టు

అన్నయ్య ఆటకి రాలేదు.

శ్రీకృష్ణ, నేను పరుపుల కొట్టు మేడ మీద గంటసేపు కూర్చున్నాం. కింద నాన్న దూది ఏకే మిషన్ మోత. “మార్కన్న నెట్ సెంటర్లో ఉంటాడు. అక్కడ కూడా ఇదే ఆట వచ్చింది, కంప్యూటర్లో. దేశదేశాల వాళ్లు ఒకేసారి ఆడతారంట,” అన్నాడు శ్రీకృష్ణ.

ఒక్క ఆటగాడితో కథ నడవదు. మిరపస్వామిని ఒక సత్రంలో పడుకోబెట్టాను.

22 ఆగస్టు

నిఘంటువులో ఇవాళ దొరికిన మాట: గరళం. నోట్లో వేసుకుంటే చల్లగా ఉంటుంది.

28 ఆగస్టు

నెట్ సెంటర్‌కి వెళ్లాను. అమ్మకి ఎంసెట్ వివరాలని చెప్పాను.

బస్టాండు ఎదురు మేడ మీద ఐదు కంప్యూటర్లు. అన్నయ్య చివరి దాని ముందు ఉన్నాడు. తెర మీద బుడాన్! అదే పేరు, ఇంగ్లీషులో. ఎర్ర జుట్టు, భుజానికి మించిన కత్తి. పచ్చిక మీద జిగురు ముద్దల్లాంటి పురుగులు గెంతుతుంటే నరుకుతున్నాడు. ఒకటి చస్తే ఇంకొకటి పుడుతోంది.

“అరవై ఒకటో లెవెల్,” అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా. “కింద ఆ గీత చూడు. అది నిండితే అరవై రెండు.”

గీత కదలడం నాకు కనపడలేదు.

“ఎన్ని చంపితే నిండుద్ది?”

“నాలుగు వేలు.”

“నాలుగు వేల సార్లు ఇదేనా? కథ ఏది?”

“కథెందుకే! చంపితే పెరుగుద్ది. ఎంత చంపితే అంత. నీ దయ అక్కర్లా.”

ఆ మాట తగిలింది. పిక్కల సంగతి తెలిసిందేమోనని భయపడ్డాను. తెలియలేదు.

“మరి చివర ఏముంది?”

“తొంభై తొమ్మిది.”

“ఆ తర్వాత?”

“అసలు ఆట అప్పుడే మొదలంట. నీ ఆటలో అదే లేదుగా. ఏడాది నుంచి తొమ్మిదో మెట్టు మీదే కూర్చోబెట్టావ్. ఎప్పుడు ముగిస్తావే?”

రాస్తున్నానని చెప్పాను.

గంటకింత అని మార్కన్నకి కట్టాలి, ఆడటానికి కార్డు వేరే కొనాలి. డబ్బులెక్కడివని అడిగితే మెట్ల మీదికి తీసుకొచ్చి చెప్పాడు. లెక్కల ట్యూషన్‌కి వెళ్లడం మానేశాడట. పొద్దున్నే చెంచయ్య గారి పత్తి చేలో మందు కొడుతున్నాడట, కూలికి.

“నాన్నకి చెప్పావో, ఇక నీ ఆటకి జన్మలో రాను. చెప్పకపోతే ప్రతి ఆదివారం వస్తా. ఒట్టు.”

చెప్పనన్నాను. ఆదివారం కోసం కాదు. నాన్నకి తెలిస్తే కొడతాడని.

4 సెప్టెంబర్

వచ్చాడు! మూడు గంటలు ఆడాం. బుడాన్ విల్లు మీటగానే దూది తుఫానై లేచి కోట కాపలావాళ్ల కళ్లు మూసేసింది. అది అన్నయ్య ఆలోచనే. ఏ కంప్యూటర్‌లో కుదురుతుంది అది?

పిక్కలు వేసుకోవడానికి అన్నయ్య ఒక తెల్ల ప్లాస్టిక్ సీసా తెచ్చాడు. చేలో ఖాళీ అయిందట, రెండుసార్లు కడిగాడట. మూతి కోసి శుభ్రంగా చేశాడు. పక్కన ఎర్ర త్రికోణం, పుర్రె బొమ్మ, మందు పేరు, కింద చిన్న అక్షరాలు. ఆ అక్షరాలు నాకెంత నచ్చాయో! అన్నీ ఇక్కడ ఎక్కించుకున్నాను. మోనోక్రోటోఫాస్. ముప్పై ఆరు శాతం. “ఒంటికి తగలనీయరాదు. ఆవిరి పీల్చరాదు. గాలికి ఎదురుగా చల్లరాదు.” మూడు వాక్యాలూ శాసనంలా ఉన్నాయి. వచ్చే వారం పాతాళ ద్వారం మీద ఇవే రాసి ఉంటాయి.

అన్నయ్య చొక్కా నన్నే ఉతకమన్నాడు. అమ్మ చేతికి పడితే వాసన పట్టేస్తుందని. వెల్లుల్లి కుళ్లినట్టుంది. రెండు సబ్బులు మార్చినా పోలేదు.

11 సెప్టెంబర్

అన్నయ్యకి తలనొప్పి. గంట ఆడి పడుకున్నాడు.

తెర అదే పనిగా చూస్తే రాదా మరి.

ట్యూషన్‌లో బాగా చదువుతున్నాడనుకుని అమ్మ తలకి నూనె పెట్టింది. “చాల్లే నాన్నా, లెక్కలు పోతే పోయాయి, తల పగలగొట్టుకోకు,” అంది. అన్నయ్య నా వైపు చూసి కన్ను కొట్టాడు.

18 సెప్టెంబర్

ఇవాళ కన్ను కొట్టలేదు. ఎడమ కనురెప్ప దానంతటదే కొట్టుకుంటోంది. చీమ లోపల నడుస్తున్నట్టుందని నవ్వాడు. పిక్క తీసేటప్పుడు వేళ్లు వణికాయి. కాగితం మీద అంకెలు అలికినట్టు కనపడుతున్నాయన్నాడు. ఈ సంగతికే మొన్న నాన్న గుంటూరు తీసుకెళ్లి కళ్లజోడు ఇప్పించాడు. పెట్టుకున్నా అలాగే ఉందట.

అన్నయ్య కంటిపాపలు ఆవగింజల్లా ఉన్నాయి. మధ్యాహ్నం, మసక గదిలో, ఆవగింజలు. ఈ పోలిక నాకు బాగా కుదిరింది.

కంప్యూటర్ మనిషిని తినేస్తుందని మేడం చెప్పింది నిజమే. అన్నయ్యతోనూ అదే అన్నాను. “నువ్వు కుళ్లుకుంటున్నావే,” అన్నాడు.

26 సెప్టెంబర్

ముగింపు గురించి ఆలోచించాను. రాయలేదు. రాస్తే ఆడేస్తారు. ఆడేస్తే అయిపోతుంది.

2 అక్టోబర్

అన్నయ్య నిన్న తొంభై తొమ్మిది చేరాడు.

సంబరంగా వస్తాడనుకున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“ఏమయిందిరా చివర?” అన్నాడు శ్రీకృష్ణ.

“గీత పోయింది.”

“అంటే?”

“నింపడానికి గీత లేదు. ఎంత చంపినా ఏం పెరగదు. గురువారం గురువారం ఇరవై మందిమి కలిసి ఒక డ్రాగన్‌ని చంపాలి. పై గురువారానికి అది మళ్లీ బతుకుద్ది.”

“ఓరినీ! దీని కోసమా రెండు నెలలు?”

“ఇంకోటి ఉంది. కావాలంటే ఒకటో లెవెల్ నుంచి మళ్లీ పుట్టొచ్చు. అప్పుడు బలం ఎక్కువుంటుంది. అందరూ అదే చేస్తున్నారు. దానికి ఇంకా ఎక్కువ గంటలు పడుద్ది.”

నాకు సంతోషం వేసింది. దాచుకోను. మా మేడ గెలిచింది అనుకున్నాను. “మన బుడాన్ ఇంకా తొమ్మిదిలోనే ఉన్నాడు అన్నయ్యా. పై మెట్టు నేను రాస్తాగా,” అన్నాను.

“నువ్వు రాయవులే,” అన్నాడు. కోపం లేదు గొంతులో.

9 అక్టోబర్

రంజాన్ ఒక్కపొద్దులు మొదలై నాలుగు రోజులు. అన్నయ్య ఒక్కటీ వదలడం లేదు. పొద్దున్నే మందు కొట్టడం, మధ్యాహ్నం నెట్ సెంటర్. మళ్లీ పుట్టిన బుడాన్ ముప్పైలో ఉన్నాడట.

మాటిమాటికీ కిటికీలోంచి ఉమ్మేస్తున్నాడు. నోట్లో నీరు ఆగడం లేదట. అమ్మ చూసి మురిసిపోయింది. “చూడవే, ఉమ్మి కూడా మింగట్లా నా కొడుకు. నువ్వూ ఉన్నావ్!” అని నాకు చీవాట్లు. మసీదు నుంచి వచ్చిన నాన్నతో కూడా చెప్పింది. నాన్న అన్నయ్య తల నిమిరాడు. చొక్కా అంతా చెమట, ఫ్యాను కిందే.

శ్రీకృష్ణ వెళ్తూ మెట్ల దగ్గర నన్ను ఆపాడు.

“నజ్మీ, మీ అన్నకి చెప్పు. మా నాన్న రెండు రోజులు కొడితే నాలుగు రోజులు ఆగుతాడు. వీడు మా చేను అయిపోతే పక్కోళ్ల చేలకి పోతున్నాడు. మందు ట్యాంకు కారి వీపంతా తడిసినా దించడు. మొన్న గట్టు మీద కక్కుకున్నాడు.”

“ఒక్కపొద్దు కదా. కడుపు ఖాళీగా ఉంటే అలాగే ఉంటుంది.”

“అదే అయ్యుండొచ్చులే,” అన్నాడు. ఇద్దరం ఆ మాటే పట్టుకున్నాం.

16 అక్టోబర్

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

శ్రీకృష్ణ నా ముందే అన్నయ్యని అడిగాడు. “ఒరేయ్ మాలికా, ఓ పది రోజులు ఆపరా. మా నాన్న కూడా తిడుతున్నాడు.”

అన్నయ్య తన పాత్ర కాగితం తీసి విషం గడి మీద వేలు పెట్టాడు. వేలు వణుకుతూనే ఉంది. “ఎంతుంది? ఎనిమిది. మొదట్లో ట్యాంకు ఎత్తితేనే తల తిరిగేది. ఇప్పుడు తిరగట్లా. మీ నాన్నే అన్నాడుగా, అలవాటు పడుద్దని. రూలు రాసింది మా చెల్లి. లెవెల్ పెరుగుతున్నా రా నేను!”

నవ్వాడు. శ్రీకృష్ణ కూడా నవ్వాడు. నేను కూడా.

ఆట మొదలైంది. పాతాళ ద్వారం. “ఒంటికి తగలనీయరాదు” అని చదివాను, గొంతు మార్చి. బుడాన్ ద్వారం తోశాడు. గరళం ముంచెత్తింది. అన్నయ్య పిక్క తీసి నా చేతిలో పెట్టాడు. అరచెయ్యి తడిగా, చల్లగా ఉంది.

2.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఎనిమిదిసార్లూ అబద్ధమే చెప్పానని. బుడాన్ ఎప్పుడో చచ్చిపోవాల్సిందని. ఆ గడిలో ఉన్నది బలం కాదు, నా జాలి అని. చెబితే ఆట చెడుతుంది. అన్నయ్య ఇక రాడు.

“పద్దెనిమిది,” అన్నాను.

“చూశావురా!” అన్నాడు శ్రీకృష్ణతో. పెన్సిల్ అందుకుని తొమ్మిది వేశాడు. ఆ తొమ్మిది తోక కాగితం అంచు దాకా జారిపోయింది.

19 అక్టోబర్

గుంటూరు. పెద్దాసుపత్రి. రాయలేను.

20 అక్టోబర్

రాస్తేనే నిలబడగలను.

నిన్న పదకొండు గంటలకి అన్నయ్య పత్తి సాళ్ల మధ్య పడిపోయాడు, వీపు మీద ట్యాంకుతోనే. నోటి వెంట నురగ. చెంచయ్య గారు, శ్రీకృష్ణ ఆటోలో వేసుకుని గుంటూరు తెచ్చారు. మేము వచ్చేసరికి ముక్కులో గొట్టం పెట్టి ఉంచారు.

“ఏం తాగాడు?” డాక్టరు గారు అడిగిన మొదటి మాట.

అమ్మకి అర్థం కాలేదు. “మావాడు తాగడమేంటండీ! ఒక్కపొద్దున్నాడు. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు.”

“అమ్మా, నిజం చెప్పండి. పరీక్ష పోయిందా? ఎవరైనా తిట్టారా?”

నాన్న గోడకి ఆనుకుపోయాడు. మిషన్ దగ్గర నుంచి అలాగే వచ్చేశాడు, జుట్టు నిండా దూది.

అప్పుడు చెప్పాను. అన్నీ. ఆగస్టు నుంచి. ఈ నోటుబుక్కు తీసి, సెప్టెంబర్ నాలుగో తేదీ పేజీ చూపించి మందు పేరు చెప్పాను. డాక్టరు గారు ఆ పేజీ చదివారు. తర్వాతి పేజీలు తిప్పారు. కనురెప్ప. చెమట. ఉమ్మి. ఆవగింజలు. ఆవగింజల దగ్గర ఆగి నా మొహం చూశారు.

“ఇంత బాగా రాశావ్. ఎవరికైనా చెప్పావా?”

లేదన్నాను.

“రోజూ పడుతుంటే ఒళ్లు అలవాటు పడదా అండీ?” అని అడిగాను. ఇంకా ఆ మాట అడిగానంటే నాకే ఆశ్చర్యం.

“అలవాటా! పడ్డ ప్రతిసారీ ఒంట్లో కొంత అరిగిపోతుందమ్మా. అది తిరిగి నిండేలోపు మళ్లీ పడితే ఇంకాస్త అరుగుతుంది. మొదట్లో ట్యాంకుకి పడనివాడు చివర్లో చెంచాకి పడతాడు.”

నా రూలు తలకిందులు.

నాన్న నన్ను కొట్టలేదు. “నాకు చెప్పాల్సింది కదా తల్లీ,” అన్నాడు అంతే. కొడితే బాగుండేది.

21 అక్టోబర్

అట్రోపిన్. విరుగుడు సూది మందు. కొత్త మాట. దీన్ని నిఘంటువులో వెతకను.

ఆ సూదులకి ఆవగింజలు విప్పారి కళ్లంతా నల్లగా అయ్యాయి. ఒళ్లు కాలిపోతోంది. అన్నయ్య ఎవరినీ గుర్తుపట్టడం లేదు. కుడిచేతి చూపుడువేలు దుప్పటి మీద టకటక కొడుతూనే ఉంది. అమ్మ ఆ వేలు పట్టుకుని ఆపితే రెండో చేతి వేలు మొదలుపెట్టింది.

“గీత... ఇంకొంచెమే ఉంది...” అంటున్నాడు.

నాలుగైదు రోజులు గడిస్తేగానీ చెప్పలేమన్నారు. తేరుకున్నట్టే ఉండి ఊపిరి ఆగిపోయేవాళ్లుంటారట.

22 అక్టోబర్

వేలు ఆగింది. మధ్యాహ్నం నన్ను గుర్తుపట్టాడు. అమ్మ ఏడ్చింది, నవ్వింది.

సాయంత్రం తల దిండు మీంచి ఎత్తలేకపోయాడు. తర్వాత ఊపిరి. గొంతులోకి గొట్టం వేసి మిషన్‌కి తగిలించారు.

ఇక్కడ కూడా తెర మీద ఒక గీత. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

23 అక్టోబర్, ఆదివారం

గీత కదులుతోంది.

24 అక్టోబర్

శ్రీకృష్ణ వచ్చాడు. గలీబు, పిక్కలు, పాత్ర కాగితాలు తెచ్చాడు. తెల్ల సీసాని గుంట తీసి పూడ్చేశాడట. చెంచయ్య గారు బయట బెంచీ మీదే కూర్చున్నారు, నాన్న పక్కన. పంపు దగ్గరకి లేచినప్పుడు చూశాను. చెంచయ్య గారి కాలి పిక్క కూడా కొట్టుకుంటోంది.

26 అక్టోబర్

అన్నయ్య కళ్లు తెరిచి ఉన్నాడు. గొట్టం ఉంది కాబట్టి మాట్లాడలేడు. అందుకే ఇవాళ చెప్పాను. పిరికిదాన్ని, తెలుసు.

“అన్నయ్యా, పిక్కల మీద అంకెలు నేను మార్చి చెప్పాను. నల్లజెర్రి అప్పుడు మూడొచ్చింది. పాతాళం దగ్గర రెండు. అన్నిసార్లూ చిన్నవే వచ్చాయి. బుడాన్‌కి ఏ అలవాటూ లేదు.”

చూస్తూనే ఉన్నాడు. రెప్ప కొట్టుకోవడం తగ్గింది. తొమ్మిది వేళ్లు లేపాడు, అడుగుతున్నట్టు.

“తొమ్మిదిసార్లూ,” అన్నాను.

తల గోడ వైపు తిప్పుకున్నాడు. తల తిప్పగలిగాడు! డాక్టరు గారికి చెప్పడానికి పరుగెత్తాను. దారిలో ఏడుపొచ్చింది. దేనికో సరిగ్గా తెలీదు.

29 అక్టోబర్

నిన్న పొద్దున గొట్టం తీశారు. గొంతు బొంగురు. చెయ్యి ఇంకా వణుకుతోంది. ఆ వణుకు ఎన్నాళ్లుంటుందో, పూర్తిగా పోతుందో లేదో చెప్పలేమన్నారు. ఇంకోసారి మందు వాసన తగిలినా ఊరుకోనని నాన్నకి గట్టిగా చెప్పారు డాక్టరు గారు.

ఇవాళ అమ్మ పాలకి వెళ్లినప్పుడు అన్నయ్య గలీబు వైపు చెయ్యి చాపాడు. ఇచ్చాను. చాలాసేపు కలిపాడు. ఒక పిక్క తీసి నా అరచేతిలో పెట్టాడు.

“పాతాళం దగ్గరదే,” అన్నాడు. “మళ్లీ తీశా. చెప్పు.”

చూశాను. 4.

పద్నాలుగు అనడానికి నోరు దానంతటదే తిరగబోయింది. ఏడాది అలవాటు.

“నాలుగు.”

“అయితే?”

“చచ్చిపోయాడు.”

“ఎలా? సరిగ్గా చెప్పు. సూత్రధారివి కదా.”

అక్కడే ముగింపు చెప్పాను. ఎప్పుడూ రాయనిది. పాతాళ ద్వారం ఎదుట తొమ్మిదో మెట్టు మీద బుడాన్ పడిపోవడం, విల్లు తాడు తెగడం, మిరపస్వామి వాణ్ణి భుజాన వేసుకుని పైకి మోసుకురావడం, పైన పత్తి పూస్తూ ఉండటం. అందమైన మాట ఒక్కటీ వెతకలేదు. అన్నయ్య మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. కంప్యూటర్‌లో బుడాన్ మళ్లీ ఎక్కడో పచ్చికలో నిలబడే ఉంటాడు, ఎవరైనా తట్టిలేపితే నరకడానికి. ఆ సంగతి మేమిద్దరం ఎత్తలేదు.

“కొత్త కాగితం తియ్యి,” అన్నాడు.

తీశాను. గడులు గీశాను. ఒకటో మెట్టు.

“పేరు?”

“మాలిక్.”

రాశాను. ఒక్కో గడీ నింపుకుంటూ వచ్చి విషం గడి దగ్గర సున్నా పెట్టాను. పెన్సిల్ నొక్కి పెట్టాను. అన్నయ్య కళ్లజోడు సర్దుకుని దాన్ని చూశాడు. చెరపమనలేదు.